ఫార్మాట్ కొట్టే ముందు

మే నెల మధ్యాహ్నం, అనంతపురంలో ఒక జిరాక్స్ షాపు. బయట ఎండ నలభై డిగ్రీలు దాటింది. ప్రింటు తీస్తుండగానే కంప్యూటర్ ఉన్నట్టుండి ఆరిపోయి, దానంతటదే మళ్లీ లేస్తుంది. పది నిమిషాలకు మళ్లీ అదే తంతు. "వైరస్ పడినట్టుంది, ఫార్మాట్ కొట్టించు" అని పక్కనున్నవాళ్లు సలహా ఇచ్చేస్తారు.

చేయి తిరిగిన మెకానిక్ మాత్రం ముందు "ఎప్పుడెప్పుడు ఆగిపోతాందన్నా?" అని అడుగుతాడు. పొద్దున బాగా నడిచి మధ్యాహ్నం మొరాయిస్తే వేడి మీద అనుమానం. లైట్లు రెపరెపలాడినప్పుడే ఆరిపోతే యూపీఎస్ బ్యాటరీ చూడాలి. కొత్త ర్యామ్ వేసిన నాటి నుంచే మొదలైతే ముందు దాన్నే తీసి చూడాలి.

వైరస్ అనుమానం ఊరికే పుట్టలేదు. 2003 ఆగస్టులో బ్లాస్టర్ అనే వార్మ్ తెర మీద అరవై సెకన్లు లెక్కపెట్టి మరీ విండోస్ కంప్యూటర్లను రీస్టార్ట్ చేయించింది. ఆ భయం ఇంకా పోలేదు.

సీపీయూ డబ్బా మూత విప్పితే అసలు సంగతి కనిపిస్తుంది. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడే నేల అనంతపురం. దుమ్ముకు కొదవ లేదు. హీట్‌సింక్ రెక్కల మధ్య అది కంబళి ముక్కలా అట్టకట్టి ఉంటుంది. ఫ్యాన్ తిరుగుతూనే ఉంటుంది, గాలి మాత్రం దూరదు. ప్రాసెసర్ మొదట వేగం తగ్గించుకుంటుంది; వేడి అప్పటికీ దిగకపోతే, కాలిపోకుండా మిషన్ ఆగిపోతుంది. బ్లోయర్ కొట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కను వేలితో ఆపి పట్టుకోవాలి. ప్రాసెసర్ మీద ఎండి పెళుసైన పేస్టు తుడిచి, కొత్తది కొద్దిగా పెట్టాలి.

అప్పటికీ తగ్గకపోతే విండోస్‌లో ఈవెంట్ వ్యూయర్ తెరవాలి. అక్కడ 'కెర్నల్-పవర్ 41' అని ఉంటే చాలామంది జబ్బు దొరికిందనుకుంటారు. మిషన్ సరిగ్గా షట్‌డౌన్ కాలేదన్న కబురే తప్ప అది కారణం చెప్పదు. దాని వివరాల్లో బగ్‌చెక్ కోడ్ సున్నా ఉంటే చూపు ఎస్‌ఎంపీఎస్ (పవర్ సప్లై) వైపు, కరెంటు వైపు తిప్పాలి.

కరెంటంటే గోడలోని వైరింగ్ ఒక్కటే కాదు. డబ్బా తాకితే చేయి జిమ్మంటోందంటే ఎర్తింగ్ సరిగా లేనట్టు లెక్క. ఉప్పు, బొగ్గు వేసి పూడ్చిన ఎర్తింగ్ గుంత తడిగా ఉన్నంతకాలమే బాగా పనిచేస్తుంది. వానల్లేక మన్ను ఎండిపోయేకొద్దీ దాని నిరోధం పెరుగుతుంది.

నీళ్ల విలువ అనంతపురానికి ఎవరూ చెప్పనక్కర్లేదు. అయినా ఈ ఎండల్లో ఆ గుంతలో ఒక్క బిందె నీళ్లు పోయండి. ఫార్మాట్ సంగతి ఆ తర్వాత చూద్దాం.