తంజావూరి మోడీ పత్రములు – సాహిత్య పరిశోధన

తంజావూరి సరస్వతీమహలు పేరు వినగనే మనవారికి శహాజీ (1684–1712) కాలపు యక్షగానములు స్ఫురించును. అచ్చటనే మరాఠీ భాషలో మోడీ లిపిని వ్రాసిన దర్బారు లెక్కలును, చెల్లింపు రసీదులును కట్టలుగా నున్నవి. ఇవి చరిత్రకారుల సొత్తని సాహిత్య పరిశోధకులు తొలగిపోవుట సరికాదని మా యభిప్రాయము. కృతిపద్యము ప్రభువును కర్ణుడనును, ఇచ్చినదెంతయో చెప్పదు. రసీదు స్తుతి నెరుగదు. సొమ్ము పుచ్చుకొన్నవారి పేరు, తేదీ, మొత్తము చెప్పును. గాయకులకు, నర్తకులకు ముట్టిన జీతములను బట్టి ప్రదర్శనముల చరిత్ర కొంత తేలును. అయితే ఈ పత్రములలో హెచ్చుభాగము 18, 19 శతాబ్దులవి. రెండవ శరభోజీ (1798–1832) నాటి లెక్కతో శహాజీ సభను వర్ణింపబూనుట సాహసము. మోడీ గొలుసుకట్టు వ్రాత. మరాఠీ చదువరులకును కొరుకుడు పడదు. యక్షగానములపై పనిచేయు విద్యార్థికి ఛందస్సుతోపాటు ఈ లిపియు నేర్పవలెను.