పాడ్‌కాస్ట్‌ను ఎంచుకోవడం: శ్రోత చేసే విమర్శ

చందా అనగానే మనకు డబ్బు గుర్తుకొస్తుంది. పత్రికకు చందా కడతాం, వినాయక చవితి పందిరికి చందా రాస్తాం. పాడ్‌కాస్ట్‌కు చందాదారుగా చేరడానికి మాత్రం సాధారణంగా పైసా అక్కర్లేదు. ఈ మాట దగ్గర తడబడేది మనమే కాదు. యాపిల్ సంస్థ 2021లో తన పాడ్‌కాస్ట్ యాప్‌లో 'సబ్‌స్క్రైబ్' అన్న మాట తీసి 'ఫాలో' అని పెట్టుకుంది. అయితే డబ్బు ఇవ్వకపోయినా మీరు వేరేవి ఇస్తున్నారు. మీ సమయం, మీ ఫోన్‌లో చోటు, రోజూ కొంతసేపు మీ చెవి. ఇవి ఎవరికి ఇవ్వాలో తేల్చుకోవడం పుస్తకాన్ని ఎంచుకోవడం వంటిదే. అందువల్ల ఈ భాగంలో పాడ్‌కాస్ట్‌ను సాంకేతిక విషయంగా కంటే విమర్శకు సంబంధించిన విషయంగా పరిశీలిద్దాం.

సాంకేతికం గురించి తెలుసుకోవలసింది కొంచెమే. పాడ్‌కాస్ట్ చేసేవారు తమ ఎపిసోడ్ల వివరాలను 'ఫీడ్' అనే ఒక జాబితాగా ఇంటర్‌నెట్‌లో ఉంచుతారు. మీరు చందాదారుగా చేరితే మీ ఫోన్‌లోని యాప్ ఆ జాబితాను అప్పుడప్పుడు చూసి, కొత్తది కనబడితే దించుకుంటుంది. 'పాడ్‌కాస్ట్' అనే మాట 2004లో పుట్టింది. 2005లో యాపిల్ ఐట్యూన్స్‌లో చేరాక అది లోకానికి అలవాటైంది. ఆంటెనాపాడ్ వంటి ఉచిత యాప్‌లలో వైఫై ఉన్నప్పుడు మాత్రమే దించుకొమ్మని చెప్పే వీలుంది. యాప్ మూతపడినా ఫీడ్ పోదు. గూగుల్ పాడ్‌కాస్ట్స్ 2024లో ఆగిపోయినప్పుడు, తమ చందాల జాబితాను ఫైలుగా దాచుకున్నవారు దాన్ని వేరే యాప్‌లోకి మార్చుకోగలిగారు.

ఈ పద్ధతి ఎవరికి ఎక్కువ ఉపయోగమో చూడాలంటే అమ్రాబాద్ విద్యార్థిని ఉదాహరణగా తీసుకుందాం. అచ్చంపేట దాటి పీఠభూమి ఎక్కి, మన్ననూరు మీదుగా శ్రీశైలం దారిలో వటవర్లపల్లి, దోమలపెంట వైపు పోతుంటే అడవిలో సిగ్నల్ వస్తూ పోతూ ఉంటుంది. అక్కడ వీడియో నమ్ముకుంటే పని కాదు. గంటసేపు మాటలను 64 కిలోబిట్ల నాణ్యతతో నమోదు చేస్తే సుమారు 29 ఎంబీ అవుతుంది. వీడియో అయితే అదే గంటకు వందల ఎంబీలు పోతాయి. కాంటాక్టు తరగతికి వచ్చిన ఆదివారం పట్నంలో నాలుగు ఎపిసోడ్లు దించుకుంటే, వారమంతా బస్సులోనో చేను గట్టు మీదో సిగ్నల్ లేకుండానే వినవచ్చు. వారానికి నాలుగే అన్నప్పుడు ఏ నాలుగు అన్న ప్రశ్న బరువెక్కుతుంది.

యాప్ చూపించే 'మీ కోసం' వరుసను నమ్మి ఎంచుకోకండి. ఎక్కువమంది విన్నది, మీరు ఇదివరకు విన్నదానిని పోలింది అందులో పైకి వస్తుంది. పాడ్‌కాస్ట్ పేరుతో ఈ మధ్య వస్తున్న వీడియో సంభాషణలు చాలా వరకు సినిమావాళ్లవీ, వ్యాపారం చేసి గెలిచినవాళ్లవీ. రెండు గంటలు నడుస్తాయి. అడిగేవారు పొగుడుతారు, చెప్పేవారు వినయంగా ఒప్పుకుంటారు, మధ్యలో ఒక నిమిషం ముక్క కోసి వాట్సాప్‌లో తిప్పడానికి పనికొస్తుంది. ప్రశ్న వేసినవారు జవాబు విని దాని నుంచి ఇంకో ప్రశ్న వేశారా, లేక కాగితం మీద ఉన్న తర్వాతి ప్రశ్నకు పోయారా? పది నిమిషాలు వింటే ఇది తెలిసిపోతుంది.

తెలుగులో చెవికి చెప్పే విద్య కొత్తది కాదు. బుర్రకథలో కథకుడి పక్కన వంత ఉంటాడు. ఊ కొడుతూ, మధ్యలో శ్రోతకు వచ్చే అనుమానం తానే అడుగుతాడు. విజయవాడ ఆకాశవాణిలో ఉషశ్రీ రామాయణ, భారతాలు చెప్పినప్పుడు పక్కన వంత లేడు. ఎదురుగా ఎవరో కూర్చున్నట్టు మాట్లాడి ఆ లోటు తీర్చారు. ఒక్కరే మాట్లాడే పాడ్‌కాస్ట్‌ను తూచడానికి ఇది మంచి కొలత. వ్యాసం రాసుకొని చదువుతున్నారా, లేక మీకు చెబుతున్నారా? కన్ను వెనక్కి పోయి మళ్లీ చదవగలదు, చెవికి ఆ వీలు తక్కువ. కాబట్టి పొడుగు సమాసాలతో నిండిన వాక్యం ఎంత గొప్పదైనా శ్రవ్యంలో దోషమే. (వేగం ఒకటిన్నర రెట్లు పెంచి వినే అలవాటు ఉన్నవారు కథల దగ్గర దాన్ని మానుకోవడం మంచిది. కథలో మౌనం కూడా మాటే.)

సాహిత్య విద్యార్థులకు రెండు పేర్లు చెప్పవచ్చు. 'కౌముది' అంతర్జాల పత్రిక సంపాదకులు కిరణ్ ప్రభ చేసే టాక్ షోలు ఒకటి. రచయితలు, సినిమా కళాకారుల జీవితాలను వరుస తప్పకుండా, తొందర లేకుండా చెబుతారు. తారీఖులూ సందర్భాలూ గుర్తుండిపోతాయి. అభిమానం పాలు ఎక్కువ, విలువ కట్టడం తక్కువ. జీవిత నేపథ్యానికి వాటిని వినండి, విమర్శకు పుస్తకం తెరవండి. రెండోది 'హర్షణీయం'. ఇందులో తెలుగు కథలు వినిపిస్తారు, రచయితలతోనూ అనువాదకులతోనూ సంభాషిస్తారు. కథల కంటే ఆ సంభాషణలే మీకు ఎక్కువ పనికొస్తాయని నా అభిప్రాయం. కథను మీరే చదువుకోగలరు. ఒక మాట దగ్గర అనువాదకుడు ఎందుకు ఆగిపోయాడో అతను చెబితేనే తెలుస్తుంది. ఇక 'దాసుభాషితం' వంటి శ్రవణ పుస్తకాల యాప్‌లు వేరే కోవవి. అక్కడ చందా అంటే నిజంగానే డబ్బు.

ఈ పేర్లు కూడా మీరు నమ్మి ఊరుకోవలసినవి కావు. కొత్త పాడ్‌కాస్ట్‌ను పరీక్షించేటప్పుడు మీకు బాగా తెలిసిన విషయం మీద చేసిన ఎపిసోడ్‌ను మొదట వినండి. తెలియని విషయం మీద ఎవరు గట్టిగా మాట్లాడినా నిజమనిపిస్తుంది. తెలిసిన చోట వాళ్ల తూకం బయటపడుతుంది. అమ్రాబాద్ విద్యార్థికి ఆ చోటు నల్లమల. నల్లమల గురించి చెప్పేవారు పులితో మొదలుపెట్టి జలపాతంతో ముగిస్తే మీకు తెలుస్తుంది, మధ్యలో మనుషులు లేరని. చెంచులను 'నాగరికతకు దూరంగా ఉన్న అమాయకులు' అన్న ఒక్క ముక్కతో దాటేస్తే, చదువుకొని ఉద్యోగం చేస్తున్న మీ పక్క పెంట మనిషి మీకు గుర్తొస్తాడు. ఆ పాడ్‌కాస్ట్ మీకు తెలియని ఆఫ్రికా గురించి చెప్పినప్పుడు కూడా ఇలాగే చెప్పి ఉంటుందని అప్పుడు అనుమానించవచ్చు.

2019లో నల్లమలలో యురేనియం అన్వేషణపై పెద్ద వివాదం నడిచింది. ఆ ఏడాది సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ తవ్వకాలను వ్యతిరేకిస్తూ తీర్మానం చేసింది. అటువంటి విషయం మీద ఏ ఎపిసోడ్ విన్నా గడియారం పక్కన పెట్టుకోండి. నిపుణులు ఎన్ని నిమిషాలు మాట్లాడారు, అడవిలో ఉండేవారు ఎన్ని నిమిషాలు మాట్లాడారు? వారి మాట వినబడిందా, లేక రెండు ముక్కలు వినిపించి దాని మీద వ్యాఖ్యాత గొంతు పరిచారా? వారు చెప్పింది పుస్తక భాషలోకి మార్చి చెప్పారా? ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్ 1943లో చెంచుల మీద పుస్తకం వెలువరించారు. అది విలువైనదే. కానీ అందులో చెంచుల జీవితం ఆయన వాక్యాల్లో ఉంది. శబ్దానికి ఆ పరిమితి లేదు, మనిషి గొంతే అక్కడికక్కడ పెట్టవచ్చు. ఆ వీలుండీ వాడుకోని పాడ్‌కాస్ట్ తన మాధ్యమాన్నే వదులుకున్నట్టు.

ఆ వీలును వాడుకున్నవారు మన పక్కనే ఉన్నారు. జహీరాబాద్ దగ్గర మాచునూరులో 2008 అక్టోబరు 15న సంఘం రేడియో మొదలైంది. దళిత మహిళలు నడిపే ఈ సామాజిక రేడియో విత్తనాలు, పంటలు, పాటలు, మందులను వాళ్ల మాటలోనే చెప్పుకుంది. 'ఇది రేడియో భాషేనా?' అని ఎవరి అనుమతీ అడగలేదు. రేడియోకు చుట్టుపక్కల ఊళ్లే పరిధి. ఫీడ్‌కు ఆ హద్దు లేదు. మన్ననూరులో ఫోన్‌తో నమోదు చేసింది దుబాయ్‌లో పనికి పోయిన అమ్రాబాద్ మనిషికి అదే రోజు చేరుతుంది.

అభ్యాసం: చైత్ర పౌర్ణమికి జరిగే సలేశ్వరం జాతర మీద ఏదైనా ఒక శ్రవ్య కార్యక్రమాన్ని ఎంచుకొని రెండుసార్లు వినండి. మొదటిసారి ఊరికే వినండి. రెండోసారి ఎవరు ఎన్ని నిమిషాలు మాట్లాడారో, ఎవరి పేరు చెప్పారో, ఎవరిని 'స్థానికులు' అని మాత్రమే అన్నారో రాసుకోండి. ఆ జాతరకు పోయివచ్చిన మీ ఇంటి పెద్దలలో ఒకరికి దాన్ని వినిపించి, వారు ఎక్కడ 'కాదు' అన్నారో ఆ నిమిషాన్ని గుర్తించండి. మీ ఒక పేజీ విమర్శను ఆ నిమిషం నుంచి మొదలుపెట్టండి.