అసంభావ్యత, వాస్తవికత: అమితావ్ ఘోష్ వాదన - ఒక పరిశీలన

1. ప్రవేశిక

వాతావరణ మార్పు ఆధునిక నవలలో తగినంతగా ఎందుకు కనిపించదన్న ప్రశ్నను అమితావ్ ఘోష్ ‘ద గ్రేట్ డిరేంజ్‌మెంట్’ (2016)లో లేవనెత్తారు. అరుదైన ఘటనలను వెనక్కి నెట్టి, నిత్యజీవితాన్ని ముందుకు తేవడం ద్వారానే వాస్తవికవాద నవల రూపుదిద్దుకున్నదని ఆయన సమాధానం. 1978 మార్చి 17న ఢిల్లీలో తాను స్వయంగా చిక్కుకున్న సుడిగాలిని నవలలోకి తీసుకురాలేకపోవడాన్ని ఇందుకు తార్కాణంగా చూపారు. ఈ వాదనలో బలం ఉంది. అయితే ‘అరుదైనది’, ‘నమ్మశక్యం కానిది’ అనే రెండింటినీ అది ఒకే గాటన కడుతున్నది.

2. అరుదు - కాలపరిధి

వాతావరణ ముప్పుల పరిశోధనలో ఈ భేదం కీలకం. ముప్పును అంచనా వేయడానికి సంభావ్యత ఒక్కటే చాలదు. ఘటన జరిగితే వాటిల్లే నష్టాన్నీ లెక్కించాలి. ‘వందేళ్లకోసారి’ వచ్చే వరదకు ఏటా ఉన్న అవకాశం 1 శాతమే. కానీ 30 ఏళ్లలో అది కనీసం ఒక్కసారైనా వచ్చే అవకాశం సుమారు 26 శాతం. ఈ లెక్క కూడా మారని వాతావరణానికే వర్తిస్తుంది. పారిశ్రామిక యుగానికి ముందు 50 ఏళ్లకోసారి సంభవించిన తీవ్ర ఉష్ణఘటన, భూతాపం 2 డిగ్రీలు పెరిగితే అదే వ్యవధిలో దాదాపు 14 సార్లు సంభవిస్తుందని ఐపీసీసీ 2021 నివేదిక అంచనా వేసింది. ఒక్క రోజు కథలో అసంభవంగా తోచేది రెండు తరాల కథలో సహజమవుతుంది. కనుక పరిమితి నవలాప్రక్రియది కాదు, రచయిత ఎంచుకున్న కాలపరిధిది.

3. ‘ద హంగ్రీ టైడ్’ సాక్ష్యం

ఇందుకు ఘోష్ నవల ‘ద హంగ్రీ టైడ్’ (2004) చక్కని ఉదాహరణ. సుందరవనాల నేపథ్యంలో సాగే ఈ నవల పతాకఘట్టం తుఫానే. అయినా అది కాకతాళీయంగా అనిపించదు. మాట్లా నది ఒడ్డున క్యానింగ్ రేవు నిర్మాణం తగదని ‘సైక్లోన్’ పదకర్త హెన్రీ పిడింగ్టన్ 1853లో హెచ్చరించారు. పాలకులు లక్ష్యపెట్టలేదు. 1867లో ఉప్పెన ఆ రేవును ధ్వంసం చేసింది. ఈ చరిత్రను నవల పాఠకునికి ముందే వినిపిస్తుంది. ఆ స్థలస్మృతే తుఫానుకు కథాపరమైన విశ్వసనీయతను సమకూరుస్తుంది.

4. ముగింపు

ఢిల్లీ సుడిగాలికి అటువంటి పూర్వస్మృతి లేదు. దాని విషయంలో ఎదురైన ఇబ్బందిని తుఫానులకూ వరదలకూ వర్తింపజేయడం అతివ్యాప్తి దోషమే. 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెనపై వచ్చిన తెలుగు రచనల పరిశీలనకూ ఈ భేదం ఉపకరిస్తుంది. రచన ఆ విపత్తును విధి వేసిన ఆకస్మిక దెబ్బగా చూపిందా, లేక అంతకుముందున్న ఇళ్ల తీరు, కట్టల స్థితి, హెచ్చరికలు, పాత ఉప్పెనల జ్ఞాపకాలతో ముడిపెట్టి చూపిందా అన్నది విమర్శకులు అడగవలసిన ప్రశ్న.