ముఖపత్రం వెనక పేజీ

ఈ వారం ఫోన్‌లో ఒక కొత్త తెలుగు నవల కొని చదివాను. కథ బాగుంది, రచయితది తిరిగిన చెయ్యే. కాకపోతే రెండో అధ్యాయంలో మొగుడు పోయిన మేనత్త, ఏడో అధ్యాయంలో అదే మొగుడికి కాఫీ అందిస్తుంది. ముందు నవ్వొచ్చింది, ఆ తర్వాత ఒళ్ళు మండింది. పుస్తకానికి ఎడిటర్ కావాలన్న నా పాత పాట మీకు తెలిసిందేగా. ముఖపత్రం వెనక పేజీ తిప్పి చూశాను. కవర్ డిజైన్ ఎవరిదో ఉంది, డి.టి.పి. ఎవరిదో ఉంది, ‘ప్రతులకు’ అంటూ ఒక చిరునామా కూడా ఉంది (ఈ-బుక్కుకి ప్రతులేమిటో!). ఎడిటర్ ఊసు మాత్రం లేదు.

ఈ-బుక్కుల్ని తిట్టబోయి ఆగాను. అల్మారాలోంచి అచ్చు నవలలు నాలుగు తీస్తే వాటిలోనూ ఇదే వరస. మన నవలల్ని చాలావరకు దిద్దింది ప్రచురణకర్తలు కాదు, వారపత్రికలు. సీరియల్‌గా వచ్చేటప్పుడే పత్రికాఫీసులో ఎవరో ఒకరు చదివి, కత్తిరించి, అతుకులు వేసేవారు. ప్రచురణకర్త చేతికి రాళ్ళు ఏరిన బియ్యం వచ్చేది. ఆ పత్రికలు ఒకటొకటిగా మూతపడ్డాక, ఏరే పని ఎవరూ నెత్తికెత్తుకోలేదు.

ఎడిటర్ అంటే నాకు మొదట గుర్తొచ్చేది కొడవటిగంటి కుటుంబరావు గారే. 1952లో ‘చందమామ’లో చేరి, 1980లో పోయేదాకా అక్కడే ఉన్నారు. బయటి నుంచి వచ్చిన కథల్ని ఆయన తిరగరాసేవారు. అచ్చులో పేరు మాత్రం పంపినవారిదే. అందుకే ఆ కాలపు సంచిక ఏది తెరిచినా పేర్లు రకరకాలు, గొంతు ఒక్కటి. పొట్టి వాక్యం, ఎక్కడా ఆగని కథ, పెద్ద సమాసం కనబడితే ఒట్టు. ‘చదువు’ నవల రాసినాయన, ఎవరో పంపిన రాజకుమారి కథకి అంత ఓపిగ్గా కూర్చునేవారంటే నాకిప్పటికీ ఆశ్చర్యమే.

ఎడిటర్ పేరు వెయ్యకుండా పుస్తకం తేకూడదని డిమాండ్ చేద్దామనే ఈ కాలమ్ మొదలుపెట్టాను. కుటుంబరావు గారి సంగతి రాశాక అది కాస్తా చప్పబడింది. తిరగరాసిన కథ మీద ఆయనకు పేరు రాలేదు, జీతం వచ్చింది.

ఇప్పుడు ఆ జీతం ఎక్కడి నుంచి వస్తుందంటారా, ఈ-బుక్కుకి కాగితం ఖర్చు లేదు, గోడౌన్ అద్దె లేదు, పార్సిలు కట్టే పని లేదు. ‘ప్రతిలిపి’ యాప్‌లో రచయిత తనంతట తనే పెట్టేసుకుంటే, ఆ సాయంత్రానికే జనం చదివి ‘సూపర్’ అంటారు. ఇంకా ప్రచురణకర్త ఎందుకండీ అని మొన్న ఒక కుర్ర రచయిత అడిగితే, ఎందుకు వద్దు అని గట్టిగానే వాదించాను. ఇవాళ అంత గట్టిగా అనలేను. మిగిలిన ఖర్చులో కొంత ఒక మనిషికి జీతంగా ఇచ్చి, రాతప్రతిని మొదటి నుంచి చివరిదాకా చదివించే ప్రచురణకర్త దొరికితే ఆ కుర్రాడు అక్కడికి వెళ్ళాల్సిందే. కవర్ అంటించి వాటా పుచ్చుకునేవారే దొరికితే, తన పుస్తకం తనే పెట్టుకోవడం నయం. ఆ వాటా అయినా మిగులుతుంది.