బాలసాహిత్యము - ప్రకృతి పరిశీలనము

రేచెల్ కార్సన్ పేరు వినగానే పురుగుమందుల వలన కలిగే చేటును లోకానికి చాటిన 1962 నాటి 'సైలెంట్ స్ప్రింగ్' గుర్తుకు వస్తుంది. అంతకు ఆరేండ్లు ముందు, 1956లో, ఆమె ఒక స్త్రీల పత్రికకు చిన్న వ్యాసమొకటి వ్రాసింది. పసివారికి సహజమైన విస్మయాన్ని పెద్దలు ఏ విధంగా కాపాడవలసి ఉన్నదో చెప్పే వ్యాసమది. ఆమె 1964లో మరణించగా, మరుసటి ఏట అది 'ది సెన్స్ ఆఫ్ వండర్' అనే పుస్తకంగా వెలువడింది. పిల్లల కోసం కలం పట్టదలచిన తెలుగు రచయితలు చదువవలసిన పుస్తకమిది. చదివి, ఒకచోట దానితో తగవు పడవలసిన పుస్తకం కూడా.

ఇందులో కథ అనదగినది లేదు. ఇరవై నెలల ప్రాయంలో ఉన్న తన అక్కగారి మనుమడిని కంబళిలో చుట్టి, వాన కురిసే శరద్రాత్రి చీకటిలో, రచయిత్రి మెయిన్ రాష్ట్రపు సముద్రతీరానికి ఎత్తుకొనిపోతుంది. అలల హోరుకు ఇద్దరూ నవ్వుకొంటారు. తరువాతి సంవత్సరాలలో తడిసిన అడవిలో నడుస్తారు. వానకు మెత్తబడిన, మన రాతిపూవును బోలిన దానిని వంగి తాకి చూస్తారు. రాత్రివేళ టార్చిదీపం పట్టుకొని కీటకాల పాటను వెదుకుతూ పోతారు. చిరుగంట మ్రోగించినట్లు పలికే ఒక పురుగు మాత్రం ఎన్నడూ కంటబడదు. అది కనబడితీరాలనే కోరిక తనకు అంతగా లేదని ఆమె ఒప్పుకొంటుంది. శాస్త్రజ్ఞురాలు వ్రాసిన పుస్తకంలో నాకు మిక్కిలి నచ్చిన వాక్యం ఇదే.

తెలుసుకొనడం కంటె అనుభవించడం ముందని ఆమె వాదం. పక్షుల పేర్లు, చెట్ల పేర్లు తెలియని తలిదండ్రులు వెనుదీయనక్కరలేదు. బిడ్డతోబాటు తామూ ఆశ్చర్యపడగలిగిన పెద్దవారు ఒక్కరుంటే చాలును. దీనిని కాదనలేము. పిల్లలను తోటకు తీసుకొనిపోయి, తిరిగి రాగానే ఏమేమి చూచితిరో పది వాక్యాలు వ్రాయుమని కూర్చుండబెట్టే అలవాటు మనలో ఉన్నది. ఆ పిల్లవాడు మరుసటిసారి చెట్టును కాదు, వ్రాయబోయే పది వాక్యాలను చూస్తాడు.

అయితే పేరు అప్రధానమన్న మాట తెలుగువారి విషయంలో చెల్లదని నా అభిప్రాయం. మన పల్లెజనం పెట్టిన పేర్లు కేవలం గుర్తులు కావు. మ్రాను తొలిచే పిట్టను వడ్రంగిపిట్ట అన్నవాడు దానిని నిలబడి చూచినవాడు. తొలకరి తరువాత నేలమీద ఎర్రని మఖమలు ముక్కవలె ప్రాకే పురుగును ఆరుద్రపురుగు అన్నవాడు అది ఏ కార్తెలో బయటికి వస్తుందో కూడా ఆ పేరులోనే చెప్పిపెట్టినాడు. ఈ పేరు పోయిందంటే ఒక మాట మాత్రమే పోవడం కాదు, ఎవరో మనకంటె ముందు చూచిన చూపు పోతున్నది. నగరంలో మూడవ అంతస్తులో పెరిగే తెలుగు బిడ్డకు ఆ చూపును అందించే పని ఇక తాతల వల్ల కాకపోతే పుస్తకాల వల్ల కావాలి.

మరి మన పుస్తకాలు ఆ పని చేసినవా? 1853లో చిన్నయసూరి 'నీతిచంద్రిక' వెలువరించిన నాటినుండి మన బాలురకు కాకి, ఎలుక, తాబేలు, జింక చిరపరిచితాలే. కాని అవి మాటాడేది మన లౌక్యం. గోదావరి ఒడ్డున ఉన్న ఆ బూరుగుచెట్టు ఆకంతా రాల్చి ఎర్రగా పూచినపుడు తేనె కోసం దానిమీద ఎన్ని పిట్టలు వ్రాలుతవో అడుగాలని మనకు తోచదు. ఇది సూరి దోషం కాదు. ఆయన ఉద్దేశించినది నీతిశాస్త్రమే. నూరేండ్లు దాటినా పిల్లలకు వ్రాయడమంటే జంతువు నోట నీతి పలికించడమే అనుకొన్న మనది దోషం. జాషువ 'గిజిగాడు', 'సాలీడు' ఖండికలలో వేరొక దారి చూపినారు. అక్కడ ఆ నేతపనిని చూచి ఆశ్చర్యపడడమే ప్రాణం. సాలిం అలీ 1930లో బొంబాయి సమీపాన కిహీం గ్రామంలో గిజిగాళ్ళను కనిపెట్టి చూచినారు. మగపిట్ట సగం గూడు అల్లి నిలుపుతుందనీ, ఆడుపిట్ట వచ్చి పరీక్షించి ఒప్పుకొంటేనే పని ముందుకు సాగుతుందనీ, ఆ వెనుక మగది మరొక గూటికి పూనుకొంటుందనీ తేల్చినారు. ఏ నీతికథ కంటె ఇది తక్కువ రక్తి కట్టిస్తుందో నాకు తెలియదు. గూటిలో అంటించిన మట్టిముద్దకు గిజిగాడు మిణుగురులను గ్రుచ్చి దీపం పెట్టుకొంటుందని మా ఊరి పెద్దలు చెప్పేవారు. మట్టిముద్ద నిజం, మిణుగురు సంగతి ఎవరికి వారు పోయి చూడవలసినదే. పిల్లవానిని చెట్టు క్రిందికి నడిపించే కల్పన మంచిదే.

నడిపించని కల్పన మాట వేరు. కోయిలను గూర్చి పద్యం చెప్పని తెలుగు కవి అరుదు. మనకది కోయిలమ్మ. కాని వేసవిలో తీయగా కూసేది నల్లని మగపక్షి. ఆడుకోయిల గోధుమవన్నె మీద తెల్లని చుక్కలతో ఉంటుంది; దానిది కీచుమనే అరపు. ప్రాచీనులకు ఇది తెలియక కాదు. కాళిదాసు 'పుంస్కోకిల' మన్నాడు; పరుల గూటిలో పెరుగుతుంది కనుక 'పరభృత' మన్న పేరు ఎప్పటినుండో ఉన్నది. వారి పదాలను స్వీకరించి వారి చూపును మనం వదలుకొన్నాము.

ఈ మాట అధికారంతో అనడం లేదు. మొన్న వేసవిలో మా పెరటి వేపచెట్టు మీద కాకి గూడు పెట్టింది. ఎనిమిదేండ్ల మా మనుమరాలు కిటికీ దగ్గర కూర్చుండి, కాకి తరుముతూ ఉన్న చుక్కల పిట్టను చూపి, "తాతయ్యా, అదేమిటి?" అని అడిగింది. నాకు తెలియలేదు. ఇద్దరమూ సాలిం అలీ పక్షుల గ్రంథం తెరచి బొమ్మలు వెదికినాము. దొరికినది. అంతవరకు కోయిలపై మూడు పద్యాలు అచ్చు వేయించుకొన్నవాడిని. అవి దిద్దుదామని కూర్చున్నాను కాని, 'కోయిలమ్మ' తీసివేస్తే గణం చెడుతున్నది.