నడుం నొప్పికి పట్టీ వద్దన్న గ్రంథం

మీ ఇంట్లో నాయనమ్మో, తాతయ్యో పీట మీద నుంచి లేవబోతూ నడుం పట్టుకుని ఆగిపోవడం మీరు చూసే ఉంటారు. "వయసు మీద పడింది, ఇక ఇంతే" అని పెద్దలు సరిపెట్టుకుంటారు. ఆ తరవాత సాధారణంగా రెండిట్లో ఒకటి జరుగుతుంది. మందుల దుకాణం నుంచి నొప్పి బిళ్ళలు వస్తాయి. లేదా నడుముకు పట్టీ, కరెంటు పెట్టే చిన్న యంత్రం, ఏదో ఒక తైలం ఇల్లు చేరతాయి.

బిళ్ళల్లో ప్రమాదం ఉంది. డైక్లోఫెనాక్ వంటి మాత్రలను వయసు మళ్ళినవారు నెలల తరబడి మింగితే జీర్ణాశయంలో పుండ్లు పడవచ్చు, మూత్రపిండాలు దెబ్బతినవచ్చు, గుండెపోటు ముప్పు పెరగవచ్చు. ఇక రెండో దారి "మందు కాదు కదా, పోయేదేముంది?" అనే ధైర్యంతో వస్తుంది. ఈ ధైర్యం ఎంతవరకు సబబు?

ఈ ప్రశ్నకు జవాబిచ్చే గ్రంథమొకటి ఉంది. దీర్ఘకాలిక నడుం నొప్పికి శస్త్రచికిత్స లేకుండా ఏం చేయాలో, ఏం చేయకూడదో చెబుతూ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 డిసెంబరులో మార్గదర్శకాలను వెలువరించింది. వృద్ధులను ప్రత్యేకంగా దృష్టిలో పెట్టుకున్నారు. మూడు నెలలకు మించి వేధించే నొప్పిని దీర్ఘకాలిక నొప్పి అంటారు. 2020లో ప్రపంచమంతటా దాదాపు 61.9 కోట్ల మంది నడుం నొప్పితో బాధపడ్డారని ఆ సంస్థ అంచనా. కాబట్టి ఈ గ్రంథం చిన్న విషయానికి సంబంధించింది కాదు.

దీన్ని మనం ఒక ప్రత్యేకమైన చోట నిలబడి చదువుదాం. అండమాన్, నికోబార్ దీవుల్లో 2011 జనాభా లెక్కల ప్రకారం నూటికి 13 మంది మాతృభాష తెలుగు. ఉత్తరాంధ్ర తీరం నుంచి చేపల వేటకూ, కూలి పనులకూ వెళ్ళి స్థిరపడిన కుటుంబాలు వారిలో ఎన్నో ఉన్నాయి. వలలు లాగిన నడుములు, బరువులు మోసిన మోకాళ్ళు అవి. రాజధాని శ్రీ విజయ పురం (2024 సెప్టెంబరు వరకు పోర్ట్ బ్లెయిర్) నుంచి దక్షిణాన ఉన్న క్యాంప్‌బెల్ బేకు సముద్రంపై 500 కిలోమీటర్లకు పైనే దూరం. సముద్రం పోటెత్తితే ఓడలు ఆగిపోతాయి. వారానికి రెండుసార్లు చికిత్సకు రమ్మంటే అక్కడి ముసలివాళ్ళు ఎలా రాగలరు? అందుకే ఒక వైద్య సలహా ఎంత గట్టిదో తేల్చడానికి ఈ దీవులు మంచి గీటురాయి.

ముందు ఈ గ్రంథంలోని గొప్పదనం చెప్పుకోవాలి. వద్దనవలసిన వాటిని ఇది ధైర్యంగా వద్దంది. నడుం పట్టీలు, బరువులు వేలాడదీసి వెన్నును లాగే ట్రాక్షన్, అల్ట్రాసౌండ్ చికిత్స, చర్మం మీద నుంచి సన్నని విద్యుత్తు పంపే 'టెన్స్' యంత్రం, ఓపియాయిడ్ మందులు - ఇవేవీ సాధారణంగా వాడవద్దని చెప్పింది. రోగికి తన నొప్పి గురించి తెలియజెప్పడం, వ్యాయామం, మర్దన, ఆక్యుపంక్చర్, ఆలోచనా తీరును, అలవాట్లను మార్చే మానసిక చికిత్స వంటి వాటికి అనుకూలత తెలిపింది.

టెన్స్ కథ మీవంటి విద్యార్థులు తప్పక తెలుసుకోవాలి. 1965లో మెల్జాక్, వాల్ అనే శాస్త్రవేత్తలు 'ద్వార సిద్ధాంతం' ప్రతిపాదించారు. నొప్పి సంకేతాలు మెదడుకు చేరేముందు వెన్నుపాములో ఒక ద్వారం వంటి ఏర్పాటును దాటాలనీ, స్పర్శ సంకేతాలు ఆ ద్వారాన్ని కొంత మూయగలవనీ దాని సారాంశం. దెబ్బ తగలగానే మనం ఆ చోటును రుద్దుకునేది ఇందుకే కాబోలు! టెన్స్ యంత్రం ఈ ఆలోచన నుంచే పుట్టింది. ఇంత చక్కని సిద్ధాంతం ఉన్నాక యంత్రం పనిచేసి తీరాలి కదా? 1990లో అమెరికాలో డెయో బృందం 145 మంది దీర్ఘకాలిక నడుం నొప్పి రోగులపై పరీక్ష జరిపింది. కొందరికి అసలు యంత్రం, మరికొందరికి విద్యుత్తు ప్రసరించని ఉత్తుత్తి యంత్రం ఇచ్చారు. ఫలితంలో తేడా కనబడలేదు. సిద్ధాంతం అందంగా ఉన్నంత మాత్రాన చికిత్స రుజువైనట్టు కాదు.

ఇక లోపాలకు వద్దాం. మొదటిది, గ్రంథం లోపల ఉన్న జాగ్రత్త బయటికి రాకపోవడం. తన సిఫార్సుల్లో చాలావాటికి సాక్ష్యం బలం "తక్కువ" లేదా "మరీ తక్కువ" అని గ్రంథమే ఒప్పుకుంది. కాని మన చెవిన పడేది "ఇది చేయండి, అది మానండి" అనే జాబితా మాత్రమే. ఆక్యుపంక్చర్‌నే తీసుకోండి. 2007లో జర్మనీలో 1,162 మందిపై జరిగిన పెద్ద పరీక్ష ఫలితాలు వెలువడ్డాయి. సంప్రదాయ స్థానాల్లో సూదులు గుచ్చినవారిలో 47.6 శాతం మందికి మేలు కలిగింది. వేరే చోట్ల, పైపైన గుచ్చినవారిలో 44.2 శాతం మందికి కలిగింది. మామూలు చికిత్స పొందినవారిలో 27.4 శాతం మందికే కలిగింది. ఈ అంకెలను రెండుసార్లు చదవండి. సూదుల వైద్యం మామూలు చికిత్స కన్నా మెరుగే. కాని సూది ఎక్కడ గుచ్చాలన్న శాస్త్రం పెద్దగా పనికొచ్చినట్టు లేదు. వైద్యుడి ఓపిక, రోగి నమ్మకం కూడా ఇందులో పాలుపంచుకున్నాయనుకోవాలి. "పనిచేస్తుంది" అనే ఒక్క మాటలో ఇంత సంగతి ఇమడదు.

మర్దనకూ ఇదే వర్తిస్తుంది. నికోబారీ తెగల సంప్రదాయ వైద్యంలో కొబ్బరినూనెతో చేతి మర్దన ఒక ముఖ్యమైన భాగం. నమ్మకమైన చేతి స్పర్శ, పక్కన కూర్చున్న మనిషి మాట ముసలివారికి ఊరటనిస్తాయనడంలో సందేహం లేదు. దాన్ని మూఢనమ్మకమని కొట్టిపారేయనక్కరలేదు. అలాగని, మర్దన అనే పేరు కలిసింది కనుక మార్గదర్శకం ముద్ర దీనికీ పడిందనుకోవడమూ పొరపాటే. ఒక పద్ధతిపై జరిగిన పరీక్ష ఇంకో పద్ధతికి రుజువు కాదు. ఎముకలు పెళుసుబారిన వృద్ధుల వెన్నును గట్టిగా విరిచే పని తెలియని చేతులకు అప్పగిస్తే, మందు లేని వైద్యం కూడా హాని చేస్తుంది.

రెండో లోపం నా దృష్టిలో మరీ పెద్దది. వ్యాయామం చేయమన్న గ్రంథం, దాన్ని ఏళ్ళ తరబడి నిలబెట్టుకునేదెలా అన్న ప్రశ్నకు తగినంత చోటివ్వలేదు. డెయో పరీక్షలో వ్యాయామం చేసినవారికి నెల రోజుల్లో మేలు కనబడింది. మరో రెండు నెలలకు వారిలో చాలామంది మానేశారు, మేలూ మాయమైంది. దీనర్థం వ్యాయామం వ్యర్థమని కాదు. 1997లో వెలువడిన మరో అమెరికా పరీక్షలో, మోకాలి కీళ్ళు అరిగిన 60 ఏళ్ళు దాటిన 439 మందిని ఏడాదిన్నర పాటు గమనించారు. నడక గాని, బరువుల వ్యాయామం గాని చేసినవారికి ఆరోగ్య పాఠాలు మాత్రమే విన్నవారి కన్నా నొప్పి కొంత తగ్గింది, కదలిక కొంత మెరుగైంది. లాభం కొద్దిదే. మాత్రలాగా ఇదీ వాడినంత కాలమే పనిచేస్తుంది.

మార్గదర్శకం వచ్చిన మరుసటి ఏడాది, 2024లో, ఆస్ట్రేలియా నుంచి ఒక మంచి కబురు వచ్చింది. నడుం నొప్పి నుంచి అప్పుడే కోలుకున్న 701 మందిలో సగం మందికి క్రమంగా నడక పెంచుకోవడం నేర్పి, నొప్పి గురించి వివరించారు. ఆ నేర్పు లేనివారిలో నొప్పి తిరిగి రావడానికి పట్టిన మధ్యస్థ కాలం 112 రోజులు. నడిచినవారిలో 208 రోజులు. నడకకు యంత్రం అక్కరలేదు, ఓడ టిక్కెట్టు అక్కరలేదు. ఒకసారి నేర్చుకుంటే క్యాంప్‌బెల్ బేలోనూ చేయవచ్చు, మీ ఊరి చెరువుగట్టు మీదా చేయవచ్చు. దూరపు దీవిలో మిగిలేది రోగి సొంతంగా నేర్చుకున్న చికిత్సే. గ్రంథం తన జాబితాలో వ్యాయామాన్ని మిగతావాటి సరసన కూర్చోబెట్టింది. దానికి పెద్దపీట వేయవలసింది.

ఇక మీ వంతు. జ్వరం, కారణం లేకుండా బరువు తగ్గడం, కాళ్ళలో బలహీనత, మలమూత్రాలపై పట్టు తప్పడం, కింద పడ్డాక మొదలైన నొప్పి - వీటిలో ఏది కనబడినా నడకా వద్దు, నూనే వద్దు. ముందు డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి. అవేవీ లేకపోతే, ఈ సాయంత్రం మీ తాతయ్య చెయ్యి పట్టుకుని వీధి చివరిదాకా నడవండి. రేపు ఇంకో నాలుగు అడుగులు ఎక్కువ. ఎల్లుండి ఆయన "నొప్పిగా ఉందిరా, ఈ పూటకు వద్దు" అంటారు. ఆ రోజు మీరు ఆయన్ను ఎలా బయలుదేరదీస్తారన్న దానిమీదే ఈ వైద్యం నిలబడుతుంది.