మారిన గాత్రం – మిగిలిన వేదన: సావోసిన్ ఆల్బమ్ ఒక పరిశీలన

ఈమో రాక్ సంగీతంలో గాయకుని గొంతును శ్రోత ఆత్మకథకు సాక్ష్యంగా స్వీకరిస్తాడు. కాబట్టి గాయకుడు మారినప్పుడు, పాటలో పలికే వేదన ఎవరిదన్న ప్రశ్న తప్పదు. కాలిఫోర్నియాకు చెందిన సావోసిన్ బృందం ఈ ప్రశ్నకు తగిన ఉదాహరణ.

2003లో వెలువడిన ఐదు పాటల ‘ట్రాన్స్‌లేటింగ్ ది నేమ్’లో ఆంథొనీ గ్రీన్ గాత్రం ఆ బృందానికి గుర్తింపు తెచ్చింది. 2004లో ఆయన వైదొలగగా, కోవ్ రెబర్ ఆ స్థానాన్ని స్వీకరించారు. బృందం పేరే శీర్షికగా 2006లో తొలి పూర్తి నిడివి ఆల్బమ్ వెలువడింది. రెబర్ తారస్థాయి గ్రీన్‌ను తలపిస్తుంది; అందువల్ల దీనిని అనుకరణగా కొట్టివేయడం సులభం. అయితే ఆ నిర్ణయం పాక్షికం.

గ్రీన్ గొంతు వాద్యాలతో పెనుగులాడుతుంది. రెబర్ గొంతు వాటిపై తేలుతూ సాగుతుంది. హోవర్డ్ బెన్సన్ నిర్మాణంలో అరుపులు తగ్గాయి, పల్లవులు విస్తరించాయి. ‘యు ఆర్ నాట్ అలోన్’లో స్వీయ విలాపం ఎదుటివారికి ఓదార్పుగా మారింది. స్పష్టత పెరిగినా, మొదటి కృతిలోని అనూహ్యత కొంత తగ్గిందని అంగీకరించాలి.

గ్రీన్ తిరిగివచ్చి పాడిన ‘అలాంగ్ ది షాడో’ 2016లో వెలువడినా, ఈ ఆల్బమ్ ప్రాసంగికత చెరిగిపోలేదు. ఈమోలో వేదన గాయకుని సొంత ఆస్తి కాదు. గిటారు, డ్రమ్, గొంతు కలిసి నిర్మించే ఉమ్మడి అనుభూతి.